గుప్పెడు వేరుశనగలు... మూడువేల కిలోమీటర్లు!

వత్సవాయి, పెనుగంచిప్రోలు చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లకు నడక కొత్తేమీ కాదు. తిరుపతమ్మ తల్లి తిరునాళ్లు వచ్చాయంటే చాలు, మునేటి ఒడ్డునున్న ఆ గుడికి కాలినడకన బయల్దేరేవాళ్లు ఎందరో! ఇక భవానీ దీక్షలు విరమించే రోజుల్లో అయితే జగ్గయ్యపేట, నందిగామల మీదుగా పోయే హైదరాబాదు-విజయవాడ రోడ్డు పొడవునా ఎర్రబట్టలే. జగ్గయ్యపేట నుంచి ఇంద్రకీలాద్రికి దాదాపు ఎనభై కిలోమీటర్లు. ఎంత గట్టిగా నడిచినా రెండు మూడు రోజుల ప్రయాణం.

మరి ఆ ప్రయాణానికి ముందురోజు రాత్రి ఇంట్లో ఏం జరుగుతుంది? ఇంకేముంది, వంట! పులిహోర కలపాలి, చపాతీలు ఒత్తాలి, పెరుగన్నం మూటకట్టాలి. నడిచే వాళ్లలో తనూ ఉన్నా సరే, తెల్లవారుజామున లేచి పొయ్యి వెలిగించేది ఆ ఇంటి ఇల్లాలే. అంతా సర్దుకుని బయటపడేసరికి సగం ఓపిక అయిపోతుంది. పైగా గిన్నెల బరువు! రెండోరోజుకి ఆ అన్నం వాసన కూడా వస్తుంది.

మోయడానికి తేలిగ్గా, కొనడానికి చవగ్గా, అసలు పొయ్యితో పనే లేకుండా... అలాంటి తిండి పెట్టుకుని నడవలేమా? నడవొచ్చని 1955లోనే ఒక పెద్దావిడ చేసి చూపించింది. ఆమె నడిచింది ఎనభై కిలోమీటర్లు కాదు, మూడువేల మూడువందల కిలోమీటర్లు! అప్పటికామె వయసు 67 ఏళ్లు. పదకొండు మంది పిల్లల తల్లి, ఇరవై ముగ్గురు మనవల నాయనమ్మ, అమ్మమ్మ. పేరు ఎమ్మా గేట్‌వుడ్. అమెరికా జనం ముద్దుగా గ్రాండ్మా గేట్‌వుడ్ అని పిలుచుకున్నారు. మనం గేట్‌వుడ్ మామ్మ అనుకుందాం.

పదిహేను మందిలో ఒకతి

ఎమ్మా 1887 అక్టోబరు 25న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, గాలియా కౌంటీలో ఓ పల్లెటూరి రైతు ఇంట్లో పుట్టింది. ఆ ఇంట్లో పిల్లలు మొత్తం పదిహేను మంది. దుంగలతో కట్టిన ఇల్లు. ఒక్కో మంచం మీద నలుగురేసి పిల్లలు సర్దుకుని పడుకునేవారట. అంతమంది ఉన్న ఇంట్లో ఆడపిల్లకు ఆటలెక్కడివి? పొలంపని, ఇంటిపని, తమ్ముళ్లను చెల్లెళ్లను ఎత్తుకోవడం... వీటి మధ్యే చదువు. అదీ ఎనిమిదో తరగతి దాకానే!

అయితే ఆ పల్లె ఆమెకు ఇంకో చదువు నేర్పింది. ఏ ఆకు తినొచ్చు, ఏ పండు తినకూడదు, ఏ వేరు ఏ జబ్బుకి పనికొస్తుంది... అన్నీ చిన్నప్పుడే తెలుసుకుంది. పుస్తకాలంటే కూడా ఇష్టమే. తీరిక దొరికితే ఏదో ఒకటి చదువుతూనే ఉండేది. ఈ రెండూ ఆమెకు ఎప్పుడు పనికొచ్చాయో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ముప్పై ఏళ్ల నరకం

పందొమ్మిదేళ్లకు, 1907లో ఎమ్మాకు పెళ్లయింది. భర్త పి.సి. గేట్‌వుడ్ ఆమె కన్నా ఎనిమిదేళ్లు పెద్ద. కాలేజీలో చదివినవాడు, బడిపంతులుగా చేసినవాడు. తర్వాత పొగాకు సాగులోకి దిగాడు. ఊళ్లో పెద్దమనిషి. సంబంధం బాగుందనే అందరూ అనుకుని ఉంటారు.

కానీ ఇంట్లో కథ వేరు. పెళ్లయిన కొద్ది నెలలకే చెయ్యి చేసుకోవడం మొదలుపెట్టాడు. పొగాకు మడుల పని, కంచెలు కట్టడం, సిమెంటు కలపడం దాకా అన్నీ ఆమె చేతే చేయించేవాడు. వంటా వార్పూ, పిల్లలూ వీటికి అదనం. పదకొండు కాన్పులు. ఒకసారి చీపురుకర్ర విరిగేదాకా తలమీద కొట్టాడు. నోరెత్తితే పిచ్చాసుపత్రిలో వేయిస్తానని బెదిరింపు. దెబ్బలు భరించలేనప్పుడు ఎమ్మా ఇంటి వెనకున్న అడవిలోకి పరిగెత్తేది. చెట్ల మధ్య కాసేపు కూచుంటే గానీ ఊపిరి అందేది కాదు. అలా ఆమెకు అడవి పుట్టిల్లయింది.

1939లో అది పరాకాష్ఠకు చేరింది. అప్పుడు వాళ్లు పక్క రాష్ట్రం వెస్ట్ వర్జీనియాలో ఉంటున్నారు. ఆ రోజు జరిగిన గొడవలో ఆమె పళ్లు విరిగాయి, పక్కటెముక చిట్లింది. తట్టుకోలేక చేతికందిన పిండి సంచీ తీసి భర్తమీదికి విసిరింది. ఇంకేం! పోలీసులొచ్చారు. ఎవర్ని పట్టుకెళ్లారనుకున్నారు? ఆమెనే! రాత్రంతా లాకప్‌లో ఉంది. మర్నాడు ఆ ఊరి మేయరు ఆమె మొహం చూసి నిర్ఘాంతపోయాడు. తన ఇంట్లోనే ఆశ్రయమిచ్చాడు.

ఆ తర్వాత ఎమ్మా వెనక్కి తిరిగి చూడలేదు. విడాకులంటే లోకం వింతగా చూసే ఆ రోజుల్లో కోర్టుకెక్కి, 1940ల మొదట్లో ఆ బంధం తెంచుకుంది. అప్పటికే యాభై దాటిన మనిషి. మిగిలిన పిల్లల్ని పెంచింది, ఇళ్లల్లో, ఆసుపత్రుల్లో పనులు చేసింది. పిల్లలంతా ఎవరి దారిన వాళ్లు స్థిరపడ్డారు. ముప్పై ఏళ్లకు పైగా ఒకరి ఆజ్ఞతో బతికిన మనిషికి మొదటిసారి రోజంతా తనదయింది. మరి ఆ రోజుల్ని ఏం చేసుకోవాలి?

పాత పత్రికలో కొత్త దారి

ఒకరోజు ఎమ్మా చేతికి నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక పాత సంచిక ఒకటి దొరికింది. 1949 ఆగస్టుది. అందులో అపలాచియన్ ట్రయిల్ అనే కొండదారి గురించి వ్యాసం, రంగురంగుల బొమ్మలు. దక్షిణాన జార్జియా రాష్ట్రం నుంచి ఉత్తరాన మెయిన్ రాష్ట్రం దాకా పద్నాలుగు రాష్ట్రాల గుండా సాగే కాలిబాట అది. 1937లో పూర్తయింది. అప్పట్లో దాని పొడవు దాదాపు 2,050 మైళ్లు. మన లెక్కలో 3,300 కిలోమీటర్లు. కొండలు ఎక్కాలి, దిగాలి, వాగులు దాటాలి, అడవుల్లో పడుకోవాలి.

మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లెవరైనా ఈ దారిలో నడవొచ్చన్నట్టుగా రాశారు ఆ వ్యాసంలో. దారి చక్కగా ఉంటుందనీ, రాత్రికి తలదాచుకోవడానికి పాకలు ఉంటాయనీ రాశారు. ఎమ్మా అది చదివి నిజమే కాబోలనుకుంది. అంతవరకు ఆ దారినంతటినీ ఒకే విడతలో ఒంటరిగా పూర్తి చేసిన ఆడమనిషి లేదు. అయితే ఏం? తను చేస్తుంది!

డబ్బు సంగతేమిటంటారా? వృద్ధుల ఆశ్రమంలో వారానికి పాతిక డాలర్ల జీతానికి పనిచేసి కూడబెట్టింది. తర్వాత ప్రభుత్వం నుంచి నెలకు 52 డాలర్ల పింఛను వచ్చే ఏర్పాటు చేసుకుంది. అమెరికాలో అది అత్తెసరు సొమ్మే. ఖరీదైన డేరాలు, బూట్లు, వీపుకు తగిలించుకునే సంచీలు కొనే స్థోమత ఆమెకు లేదు. ఉన్నదాంతోనే వెళ్లాలి.

మొదటిసారి ఓడిపోయింది

1954 జూలైలో ఎవరికీ చెప్పకుండా ఉత్తరపు కొసనున్న కటాడిన్ కొండ దగ్గర నడక మొదలుపెట్టింది. నిండా వారం నడిచిందో లేదో, దారి తప్పింది. కళ్లద్దాలు పగిలాయి. బ్యాండెయిడ్ అతికించుకుని పెట్టుకుంది. తెచ్చుకున్న తిండి దాదాపు అయిపోయింది. మెయిన్ అడవుల్లో రోజుల తరబడి నడిచినా ఒక్క దుకాణం కనిపించదు. చివరికి అటవీ సిబ్బంది ఆమెను వెతికి పట్టుకుని, ఇది మీవల్ల కాదు, ఇంటికి వెళ్లిపొమ్మని నచ్చజెప్పారు.

ఇంటికైతే వెళ్లింది. కానీ ఆ సంగతి పిల్లలకు కూడా చెప్పలేదు. చెబితే మళ్లీ కదలనివ్వరని ఆమెకు తెలియదా ఏమిటి!

ఆ ఓటమి ఆమెకు రెండు పాఠాలు నేర్పింది. ఒకటి, శరీరాన్ని ముందుగా సిద్ధం చేసుకోవాలి. రెండు, సంచీలో ఏముందన్నది కాళ్లలో బలమెంతుందన్నదానికి ఏమాత్రం తక్కువ విషయం కాదు. 1955 జనవరి నుంచి కొడుకు ఇంట్లో ఉంటూ వీధుల్లో నడక మొదలుపెట్టింది. మొదట ఇంటి చుట్టూ, తర్వాత కొంచెం దూరం, ఇంకొంచెం దూరం... ఏప్రిల్ వచ్చేసరికి రోజుకు పది మైళ్లు, అంటే పదహారు కిలోమీటర్లు నడవగలిగింది.

ఆ సంచీలో ఏమున్నాయి?

1955 మే 3న జార్జియాలోని ఓగిల్‌థోర్ప్ కొండ దగ్గర ఎమ్మా రెండో ప్రయత్నం మొదలైంది. పిల్లలతో కాస్త నడిచొస్తానని మాత్రమే చెప్పింది. ఆ కాస్త నడక ఎంతో వాళ్లకు తర్వాత ఆమె రాసిన కార్డులు చూస్తే గానీ తెలియలేదు!

కాళ్లకు మామూలు క్యాన్వాసు బూట్లు. భుజాన తనే మందపాటి జీన్సు గుడ్డతో కుట్టుకున్న సంచీ. డేరా లేదు, పరుపుసంచీ లేదు, పొయ్యి లేదు. డేరా బదులు స్నానాలగదికి కట్టే ప్లాస్టిక్ కర్టెను. వాన వస్తే కప్పుకోవచ్చు, నేల తడిగా ఉంటే పరుచుకోవచ్చు. ఒక దుప్పటి, చలికోటు, చిన్న చాకు, టార్చిలైటు, అయోడిన్, బ్యాండెయిడ్లు, జడపిన్నులు, విక్స్ సీసా, ఒక చిన్న నోటుపుస్తకం. ఎవరైనా భోజనానికి పిలిస్తే బాగుండదని ఒక మంచి గౌను కూడా పెట్టుకుంది. ఆడబుద్ధి ఎక్కడికి పోతుంది చెప్పండి! ఇన్ని పెట్టుకున్నా మొత్తం బరువు తొమ్మిది కిలోలకు మించకుండా చూసుకునేది.

మరి తిండి? అదే అసలు సంగతి. వేరుశనగలు, ఎండుద్రాక్ష, పాలపొడి, చిన్న డబ్బాల్లో ఉడికించి అమ్మే వియన్నా సాసేజీలు, చారు గడ్డకట్టించి చేసే బులియన్ బిళ్లలు, కొన్ని పిప్పరమెంట్లు. అంతే! ఇవేవీ వండక్కర్లేదు. పల్లెటూరి చిల్లర కొట్లో కూడా దొరుకుతాయి. అయిపోతే దారిలో తగిలిన ఊళ్లో మళ్లీ కొనుక్కోవచ్చు.

ఈ జాబితా చూస్తే ఎమ్మా తెలివి అర్థమవుతుంది. వేరుశనగల్లో కొవ్వు, మాంసకృత్తులు ఉన్నాయి. గుప్పెడు తింటే చాలాసేపు ఆకలెయ్యదు. ఎండుద్రాక్ష తీపి కాబట్టి తొందరగా ఓపికనిస్తుంది. పాలపొడిలో నీళ్లు పోస్తే పాలు. బులియన్ బిళ్లలో ఉప్పు ఉంటుంది, చెమటతో పోయిన ఉప్పు తిరిగి ఒంట్లోకి చేరుతుంది. సాసేజీ డబ్బా కాస్త బరువే అయినా, మూత తీస్తే పూట గడిచిపోతుంది. పోషకాహారం పుస్తకాలు చూసి కాదు, పదకొండు మందికి వండిపెట్టిన అనుభవంతో చేసిన ఎంపిక ఇది.

ఇక్కడే ఆమె చిన్ననాటి చదువు కూడా అక్కరకొచ్చింది. దారి పక్కన పండిన అడవి స్ట్రాబెర్రీలు, ఇతర పళ్లు, తినదగ్గ పుల్లటి ఆకులు ఏరుకుని తినేది. తెలియనిది నోట్లో పెట్టుకునేది కాదు. దారిలో కొందరు భోజనం పెట్టారు, పడుకోవడానికి చోటిచ్చారు. మరికొందరు తలుపులు వేసుకున్నారు. అలాంటి రాత్రుల్లో ఆకులు పోగేసుకునో, అరుగుల మీదో, బల్లల మీదో పడుకునేది. మరీ చలి వేస్తే చదునైన రాళ్లు వెచ్చజేసి, వాటి మీదే నడుం వాల్చేది.

అవన్నీ మన డబ్బాల్లో ఉన్నవే!

ఈ మాట చదివి సాసేజీలూ బులియన్ బిళ్లలూ మనకెక్కడ దొరుకుతాయని నిట్టూర్చకండి. ఆమె జాబితాకు దీటైన సరుకు మన వంటింటి అరల్లో ఎప్పటినుంచో ఉంది. వేరుశనగ గుళ్లు, పుట్నాలపప్పు, బెల్లం, అటుకులు, ఎండుకొబ్బరి, నువ్వులుండలు, చిమ్మిలి, పేలపిండి, ఖర్జూరం... ఒక్కటైనా పొయ్యి అడుగుతుందా?

కొంచెం లెక్క చూద్దాం. వంద గ్రాముల అన్నంలో ఉండే శక్తి సుమారు 130 క్యాలరీలే. ఎందుకంటే అన్నంలో ఎక్కువ భాగం నీళ్లే. అంటే అన్నం మూట మోస్తున్నామంటే నీళ్లు మోస్తున్నామన్నమాట! అదే వంద గ్రాముల వేరుశనగల్లో 560 క్యాలరీల పైనే ఉంటాయి, పాతిక గ్రాముల దాకా మాంసకృత్తులు కూడా. ఎండుకొబ్బరిలో 650కి పైన. పుట్నాల్లో సుమారు 370, బెల్లంలో 380, అటుకుల్లో 350.

ఇప్పుడు రోజుకి ఒక మనిషికి 200 గ్రాముల అటుకులు, 150 గ్రాముల వేరుశనగలు, వంద గ్రాముల పుట్నాలు, వంద గ్రాముల బెల్లం, 50 గ్రాముల ఎండుకొబ్బరి తీసుకుంటే మొత్తం బరువు 600 గ్రాములు. వచ్చే శక్తి సుమారు 2,600 క్యాలరీలు. ఇంత శక్తి ఉత్త అన్నంతోనే రావాలంటే రెండు కిలోల అన్నం మోయాలి. తేడా మీ భుజాన్నే అడగండి!

మరమరాలు తేలికే గానీ సంచీ అంతా అవే ఆక్రమిస్తాయి. అందుకని అటుకులే మేలు. పల్చటి అటుకుల మీద కాసిని నీళ్లు చిలకరించి కాసేపు ఉంచితే మెత్తబడతాయి. బెల్లం ముక్క కొరుక్కుంటూ తినేయొచ్చు. దారిలో పెరుగు దొరికితే ఇక విందే. కొన్ని వేరుశనగలు ఉప్పువేసి వేయించినవి తీసుకుంటే చెమటకు పోయిన ఉప్పు తిరిగొస్తుంది. మెడికల్ షాపుల్లో దొరికే ఓఆర్ఎస్ పొట్లాలు రెండు దగ్గరుంచుకోవడం ఇంకా మంచిది. తిండి పొడిగా ఉన్నప్పుడు దాహం ఎక్కువవుతుంది కాబట్టి నీళ్ల దగ్గర మాత్రం పొదుపు పనికిరాదు.

ఏ రోజు తిండి ఆ రోజుకు విడివిడిగా పొట్లాలు కట్టుకోండి. తడి తగలనివ్వద్దు. బూజు వాసన వచ్చే వేరుశనగ గింజను మొహమాటం లేకుండా పారేయండి, దాంట్లో విషం ఉండే ప్రమాదముంది. షుగరు, కిడ్నీ జబ్బులు ఉన్నవాళ్లు బెల్లం, ఉప్పు, ఎండుపళ్ల విషయం ముందు డాక్టరుతో మాట్లాడాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒక పూట ఇంటి దగ్గరే ఈ తిండి తిని నడిచి చూడండి. అరుగుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది. ఎమ్మా ఇంటి చుట్టూ నడిచి చూసుకోలేదూ? ఇదీ అంతే.

తుపాన్లు దాటి...

ఇక మన మామ్మ దగ్గరికి వద్దాం. వర్జీనియా రాష్ట్రం చేరేసరికి విలేకరులు ఆమెను కనిపెట్టేశారు. అరవై ఏడేళ్ల మామ్మ ఒంటరిగా కొండలు ఎక్కుతోందన్న వార్త ఊరూరా పాకింది. స్పోర్ట్స్ ఇల్లస్ట్రేటెడ్ అనే పెద్ద క్రీడాపత్రిక కూడా ఆమె గురించి రాసింది. తల్లి ఎక్కడుందో కొందరు పిల్లలకు పేపర్లు చూశాకే తెలిసింది. కంగారుపడ్డారా అంటే పెద్దగా లేదు. అమ్మ అనుకుంటే చేస్తుందని వాళ్లకు తెలుసు.

పత్రికల వాళ్లు అడిగితే ఆమె మొహమాటపడలేదు. తను చదివిన వ్యాసానికీ తను చూసిన దారికీ పొంతన లేదని చెప్పేసింది. కొన్నిచోట్ల గుర్తులు చెరిగిపోయాయి, చెట్లు అడ్డంగా పడున్నాయి, పాకలు కూలిపోయాయి. ముందే ఇదంతా తెలిస్తే బయల్దేరేదాన్నే కాదని నిష్ఠూరమాడింది. మొదలుపెట్టాక మాత్రం వదిలిపెట్టదలచుకోలేదు.

ఆగస్టులో కానీ, డయానే అనే రెండు తుపాన్లు వరసగా తూర్పు రాష్ట్రాల మీద విరుచుకుపడ్డాయి. వరదల్లో ఎంతోమంది ప్రాణాలు పోయాయి. కొండవాగులన్నీ పొంగిపోయాయి. వర్మాంట్ రాష్ట్రంలో అలాంటి ఒక వాగు దగ్గర ఎమ్మా ఆగిపోవాల్సి వచ్చింది. నౌకాదళంలో పనిచేసిన ఇద్దరు కుర్రాళ్లు తాడు సాయంతో ఆమెను మధ్యలో ఉంచుకుని అవతలి ఒడ్డుకి చేర్చారు. తడిసిన బట్టలు, తడిసిన సంచీ. అయినా మర్నాడు మళ్లీ నడకే. అంత వానలోనూ నిప్పు రాజేయాల్సిన అవసరం లేని తిండి ఆమె వెంట ఉంది. ఆలోచించండి, పొయ్యి మీద ఆధారపడి ఉంటే ఆ పూటలు పస్తే కదా!

సెప్టెంబరు నెల. ఏడాది కిందట ఆమెను ఓడించిన మెయిన్ అడవులే మళ్లీ ఎదురయ్యాయి. చలి మొదలైంది. మోకాలు నొప్పి. కళ్లద్దాలు ఈసారీ పగిలాయి. బరువు కూడా బాగా తగ్గిపోయింది. 1955 సెప్టెంబరు 25న ఉన్న బట్టలన్నీ ఒకదానిమీద ఒకటి వేసుకుని, ఐదువేల అడుగులు దాటిన కటాడిన్ కొండ శిఖరం ఎక్కింది. నడక మొదలుపెట్టి 146 రోజులు. పైన చప్పట్లు కొట్టేవాళ్లెవరూ లేరు. తన దేశాన్ని తలుచుకుంటూ ఒక పాట పాడుకుంది. కిందికి దిగింది.

అక్కడితో ఆగలేదు

ఆ తర్వాత టీవీ వాళ్లు పిలిచారు, సన్మానాలు చేశారు. ఒకసారి చేసింది చాల్లే అనుకుని ఊరుకుంటే ఆమె గేట్‌వుడ్ మామ్మ ఎందుకవుతుంది? 1957లో మళ్లీ ఆ దారంతా నడిచింది. మగవాళ్లతో సహా ఆ దారిని రెండుసార్లు పూర్తి చేసిన మొదటి మనిషి ఆమే. ఆ తర్వాత విడతలు విడతలుగా నడుస్తూ 1964లో మూడోసారీ పూర్తి చేసింది. అప్పటికి వయసు 76.

మధ్యలో, 1959లో, మిస్సోరీ రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ నుంచి పసిఫిక్ తీరం వైపునున్న పోర్ట్‌లాండ్ దాకా ఇంకో మూడువేల కిలోమీటర్ల నడక! పూర్వం బళ్లమీద వలస వెళ్లినవాళ్ల దారి అది. నీడలేని మైదానాలు, మండుటెండ. 95 రోజుల్లో ముగించింది. అప్పుడామెకు 71 ఏళ్లు.

ఆమె మొహమాటం లేకుండా చెప్పిన మాటల వల్ల అపలాచియన్ దారి బాగోగుల మీద జనం దృష్టి పడింది. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు ముందుకొచ్చి దారిని బాగుచేశారు. సొంత రాష్ట్రం ఒహాయోలో బకై ట్రయిల్ అనే కాలిబాట ఏర్పడటానికి కూడా ఎమ్మా చెయ్యి వేసింది. అక్కడి హాకింగ్ హిల్స్ కొండల్లో ఏటా జనవరిలో జరిగే చలికాలపు నడకకు ఆమె ముందుండి నడిచేది. అందులో ఆరు మైళ్ల దారికి ఆమె పేరే పెట్టుకున్నారు.

1973 జూన్ 4న, 85 ఏళ్ల వయసులో ఎమ్మా కన్నుమూసింది. 2012లో అపలాచియన్ ట్రయిల్ ప్రముఖుల జాబితాలో ఆమె పేరు చేర్చారు. 2014లో బెన్ మాంట్‌గొమరీ అనే పాత్రికేయుడు ఆమె డైరీలు, ఉత్తరాలు పరిశీలించి, పిల్లలతో మాట్లాడి ఆమె జీవితచరిత్ర రాశాడు. ఆమె పెళ్లినాటి దెబ్బల సంగతి చాలామందికి అప్పుడే తెలిసింది. బతికున్నన్నాళ్లూ విలేకరులు అడిగితే భర్త పోయాడనే చెప్పుకుంటూ వచ్చిందట. ఎందుకు నడిచావంటే మాత్రం ఒక్కొక్కరికి ఒక్కో సమాధానం చెప్పేది.

నడిచినన్ని రోజులూ ఆమె ఎవరికీ వండిపెట్టలేదు, ఎవరి అనుమతీ అడగలేదు. ఆకలేసినప్పుడు సంచీలో చెయ్యిపెట్టి గుప్పెడు వేరుశనగలు తీసుకుంది, తింది, ముందుకు నడిచింది. అంతే!

ఈసారి తిరుపతమ్మ గుడికో, బెజవాడ కొండకో నడుద్దామనుకున్నప్పుడు, ముందురోజు రాత్రి పొయ్యి దగ్గర నిలబడే ముందు ఒక్క క్షణం ఆగండి. తలా ఒక పొట్లం అటుకులు, తలా ఒక పొట్లం పల్లీలు, బెల్లం. ఎవరిది వాళ్లే కట్టుకుంటారు, ఎవరిది వాళ్లే మోస్తారు. ఇంట్లోవాళ్లు ఒకరోజు సణిగితే సణగనివ్వండి. మీరు మాత్రం ఆ రాత్రి హాయిగా నిద్రపోండి. పొద్దున్నే నడవాల్సింది మీరు కదా!